ముప్పై ఎనిమిది సెకన్ల కాలర్

బట్టల ఫ్యాక్టరీ కుట్టు లైన్లో ఆమెను అందరూ రాకెట్ అంటారు. చొక్కా కాలర్ కుట్టడంలో పద్దెనిమిదేళ్ల చెయ్యి ఆమెది. ఆ పొగరే కొంప ముంచింది.

పోయినేడు టైము మాస్టారు స్టాప్‌వాచీ పట్టుకొచ్చి వెనక నిలబడితే, చూస్తున్నాడు కదా అని ఇంకాస్త ఊపందుకుంది. ముప్పై ఎనిమిది సెకన్లు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. మర్నాటి నుంచి అరవైమందికీ అదే లెక్క. అందుకోలేనివాళ్లు నీళ్లు తాగడం మానేశారు, బాత్రూముకు లేవాల్సి వస్తుందని. పక్క మిషను మీద కుట్టే సొంత తోడికోడలి వేల్లో సూది దిగింది.

ఇదంతా దేశం కోసమట! ఎగుమతుల్లో మనది నాలుగో స్థానం, పక్క దేశానిది మూడు అని గోడకు పట్టిక అంటించారు. పోటీలో నిలబడాలని పెద్దలు సభల్లో గొంతు చించుకుంటారు. చొక్కా ధర తగ్గించడానికి వాళ్లకు దొరికింది వీళ్ల ఒళ్లే. దేశం ఒక మెట్టెక్కాలంటే ఈ ఆడవాళ్ల నడుములు విరగాలా? సిగ్గుండాలి అడగడానికి.

ఈసారి కాలర్ ముప్పై నాలుగు సెకన్లలో చెయ్యాలన్నారు. చెయ్యలేనివాళ్లను నెలాఖరుకు పంపేస్తారట. జాబితాలో మొదటి పేరు తోడికోడలిదే. ఇంటికి నడుస్తూ ఆవిడ ఒక్క మాటే అంది: "నీ చేతికేం పోయింది చెల్లీ, పోయేది నా కూడు."

మర్నాడు పొద్దున్నే రాకెట్ గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి మనిషి చెవినా తను చెయ్యబోయేది వేసింది.

కొత్త లెక్క ఖాయం చెయ్యడానికి టైము మాస్టారు మళ్లీ ఆమె వెనకే నిలబడి వాచీ నొక్కాడు. ఆమె పక్కనున్న తోడికోడలి మిషను చప్పుడు వింటూ, అది ఆగితే ఆగి, కదిలితే కదిలి కుట్టింది. యాభై రెండు. మళ్లీ కుట్టించాడు. యాభై రెండే.

"ఏంటమ్మా నాటకాలు? పోయినేడు ముప్పై ఎనిమిదిలో కుట్టావుగా."

"బుద్ధిలేక కుట్టాను సార్."

"దారాలు కత్తిరించే బల్ల మీదికి పంపిస్తా. సగం జీతం."

"పంపించండి. కాలర్‌కి మాత్రం యాభై రెండు రాసుకోండి."

రాయలేదు. వెనక మిషను దగ్గరికి పోయాడు. అక్కడ యాభై మూడు. సాయంత్రానికి అరవై మిషన్లూ తిరిగాడు, ఒక్కటీ యాభైకి దిగలేదు.

ఆమెను దారాల బల్లకు పంపారు. సగం జీతమే. నెలాఖరు దాటి పదిరోజులైంది. తోడికోడలు ఇంకా కాలర్లే కుడుతోంది, మధ్యమధ్యలో లేచి నీళ్లు కూడా తాగుతోంది.