ప్రోగ్రాం పరీక్షకు నా ఎద్దు

చోడవరం నుంచి వడ్డాది పోయే రోడ్డు మీది పంచదార మిల్లులో నేను చెరుకు సూపరింటెండెంటుగా పనిచేశాను. చదివింది మా ఊరి బడిలో అయిదో తరగతి దాకానే. అయినా గేటు దగ్గర బండ్లను వరసలో పెట్టించింది నేను. యార్డులో ఎద్దులకు నీళ్ల తొట్టి కట్టించింది నేను. ఏ రైతు ఏ రోజు చెరుకు కొట్టాలో, ఎన్నింటికి బండి తోలుకురావాలో చెప్పే కటింగ్ ఆర్డర్లన్నీ నా చేతి మీదుగా వెళ్లేవి. కొట్టిన చెరుకు ఎండిపోయిందని నా గుమ్మం ఎక్కిన రైతు లేడు. గొప్పకు చెప్పడం కాదు, అడిగితే చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

డెబ్భై అయిదులో మా ప్రొప్రయిటరు వేంకటరమణమూర్తిగారికి కంప్యూటరు మోజు పుట్టింది. రైతుల వివరాలు కార్డుల మీద చిల్లులు పొడిచి ఇస్తే, విశాఖపట్నంలో ఒక కంపెనీవాళ్ల ప్రోగ్రాం ఆర్డర్లన్నీ అచ్చువేసి పంపిస్తుందట. మిషను వాళ్ల దగ్గరే ఉంటుంది, మనం కొనేది ప్రోగ్రాం. కొనేముందు మంచిచెడ్డలు చూసి రిపోర్టు రాసే పని నాకు అప్పజెప్పారు.

కంపెనీ తరఫున కామేశం టై కట్టుకుని వచ్చాడు. ఉత్తుత్తి రైతుల పేర్లతో తయారుచేసిన కాగితాలు పరిచి మురిసిపోయాడు.

“మీ రైతులు బాగానే ఉన్నారు బాబూ. మా రైతులతో చేసి చూపించండి” అన్నాను.

ఆ ఒక్క మాటకు నెలల తరబడి తిప్పాడు. ఉత్తరానికి జవాబు లేదు, ట్రంకాల్ చేస్తే మనిషి దొరకడు. చివరికి మా ఊరికి మాత్రం, ఒక్క రోజుకు, పరీక్షకు ఒప్పుకున్నాడు. తీరా ఆర్డర్లు పొద్దున్నే తిన్నగా రైతులకు పంచేసి, సాయంత్రం నకలు నా చేతిలో పెట్టాడు.

చూడగానే ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్నకే మా ఊరి పెదబాబు చెరుకూ రావాలి, దేముడమ్మ చెరుకూ రావాలి. వాళ్లకు చెరో ఎద్దే ఉంది. రెండూ కలిపి ఒకే బండికి కట్టి, ఒకరి చెరుకు తోలాక మర్నాడు రెండోవారిది తోలతారు. మా వైపు చిన్న రైతుల్లో చాలామందిది అదే పద్ధతి. అలాంటివాళ్లకు నేనెప్పుడూ పక్కపక్క రోజులే వేసేవాణ్ణి.

“ఎవరి ఎద్దు ఎవరితో జతో, కార్డులో ఎక్కడుందయ్యా?” అని అడిగాను.

“కార్డులో ఎద్దులకు గడి లేదండీ. పేరు, ఊరు, ఎకరాలు, అంతే. ఎవరైనా రాకపోతే ప్రోగ్రామే వాళ్లను వరస చివరికి పంపించేస్తుంది.”

“చివరంటే?”

“నెల పైమాటే.”

“కొట్టేసిన చెరుకు నెల్లాళ్లు ఏటి చేస్తాది? కూకుని పద్యాలు చదువుతాదా?”

ప్రొప్రయిటరుగారితో మొరపెట్టుకున్నాను. “పరీక్ష కావాలన్నది నువ్వే కదా గణపతీ, రేపు తేలనీ” అన్నారు.

ఇంటికి వచ్చేసరికి దేముడమ్మ అరుగు మీద ఉంది. మొగుడు పోయాక ఆ ఎకరం చెరుకే ఆమెకు ఆధారం.

“కాయితం వచ్చింది గదా అని సెరుకు కొట్టీసేను బాబూ. పెదబాబుకీ రేపేనట. ఆడు సుట్టాల ఎద్దుని జోడీకి తెచ్చుకున్నాడు, తన ఎద్దునివ్వనంతన్నాడు. ఇన్నేళ్లూ నీ కాయితం తప్పు నేదు. ఈ ఏడు ఏటైపోయింది నీకు?”

ఆ మాట గుచ్చుకుంది. ఆమె బండి రాకపోతే ప్రోగ్రాం తప్పు అందరికీ కనబడుతుంది, నా మాట నెగ్గుతుంది. నేను చేయవలసిందల్లా ఊరుకోవడమే. కానీ నెగ్గడానికి ఆమె చెరుకు ఎండాలి. తెల్లారకుండానే నా ఎద్దును విప్పి, ఆమె ఎద్దుకు జోడీగా నా బండికే కట్టించాను.

చెప్పిన వేళకు బండ్లన్నీ యార్డులో ఉన్నాయి. “చూశారా, ఒక్కరూ తప్పలేదు” అన్నాడు కామేశం.

“అందులో ఒక ఎద్దు నాదయ్యా. రిపోర్టులో రాశాను.”

“ఎద్దు సంగతి రిపోర్టులో ఎందుకండీ?”

ప్రొప్రయిటరుగారు నేను రాసింది తిరగేసి, “బండ్లన్నీ వచ్చేయి కదా, ఇంకా పేచీ ఏటి?” అంటూ కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టేశారు.

ఆ సీజనంతా, ఒకే రోజు పడిన ప్రతి జతలోనూ రెండో ఎద్దు దొరకని రైతు నా ఎద్దు కోసం మా ఇంటికే వచ్చాడు. నా ఎద్దు డొక్కలు తేలాయి. సీజను ఆఖరి మీటింగులో, ప్రోగ్రాం పుణ్యమా అని ఒక్క బండీ తప్పలేదంటూ కామేశానికి శాలువా కప్పారు. నేను చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు దేముడమ్మ బుట్టెడు తవుడు తెచ్చింది. ఎందుకిదంతా అన్నాను.

“నీకు కాదు బాబూ, నీ ఎద్దుకి” అంది.