పోవుడు లేదు, వచ్చుడే

గద్వాలలో చీరలు నేసే మార్కండేయ నోట అశుభం రాదు. చంపినా రాదు. అసలు "చంపినా" అన్న మాటే ఆయన ముందర అనకూడదు.

దీపం కొండెక్కిందనడం, బియ్యం నిండుకున్నాయనడం, గాజు పెరిగిందనడం అందరూ చేసేదే. మార్కండేయ అక్కడితో ఆగే మనిషి కాదు. మగ్గం మీద పోగు తెగితే పెరిగింది. కుండ పగిలితే పెరిగింది. ఒకనాడు చెప్పు తెగి కుంటుకుంటూ వస్తుంటే ఎదురింటి అంజన్న ఏమైందని అడిగాడు.

"చెప్పు పెరిగింది."

"పెరిగితే జర కత్తిరిచ్చుకోరాదు!" అన్నాడు అంజన్న.

ఇక చావు సంగతి. ఆయన లెక్కలో ఎవరూ చావరు, కాశీకి చేరుకుంటారు. అంజన్న వాళ్ల అన్న రాములు ఒకసారి నిజంగానే కాశీయాత్రకు వెళ్లాడు. వనపర్తి చుట్టాలు బజారులో మార్కండేయను ఆపి, "మా రాములు మంచిగున్నడా?" అని అడిగారు. "కాశీకి చేరిండు" అన్నాడాయన. ఆయన భాష తెలిసిన చుట్టాలు గుండెలు బాదుకుంటూ రాములు ఇంటికి పరుగెత్తారు. రాములు భార్య రుక్కమ్మ చెరుగుతున్న చాట పక్కన పడేసి, వాళ్లను మించి ఏడ్చింది. బాగా ఏడ్చాక కళ్లు తుడుచుకుని, "ఇంతకు ఎవలు?" అని అడిగింది.

వీధంతా నవ్వేది. నవ్వనిది మార్కండేయ కూతురు పద్మమ్మ ఒక్కతే.

పద్మమ్మ మొగుడు కలరాతో పోయాడు. పదహారేళ్లకు పుట్టింటికి తిరిగొచ్చింది. ఇప్పుడు ఇరవై ఆరు. ఇంట్లో రంగురంగుల నూలు కండెలన్నీ చుట్టేది ఆమె, కట్టేది తెల్లచీర. చుడుతూ సన్నగా పాడుకునేది, గొంతు బాగుండేది. తండ్రి చీరల మూటతో బయలుదేరుతున్నాడంటే మాత్రం పాట ఆపి పెరట్లోకి వెళ్లిపోయేది. ఉత్త మాటకే ఇంత భయపడే మనిషి, నన్ను చూస్తే లోపల ఎంత భయపడుతున్నాడో అనుకునేది. తన పేరుకు వెనక లోకం తగిలించే ఆ మాట ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అనలేనంత చెడ్డదాన్ని కాబోలునని, పదేళ్లుగా ఆ దిగులు ఎవరికీ చెప్పుకోకుండా మోసింది.

రెండో ప్రపంచయుద్ధం మొదలైన మరుసటి ఏడు, శ్రీరామనవమికి పట్నంలో తొమ్మిదిరోజుల సంగీత ఉత్సవం జరుగుతుందని ఒక చీరల షావుకారు చెప్పాడు. మార్కండేయ మగ్గం గుంటలోంచి లేచి, "పద్మకు పాట ఇనిపిచ్చుకొస్త" అన్నాడు. భార్య అనంతమ్మ సద్దిమూట కట్టింది. నేను రానని పద్మమ్మ ఎంత చెప్పినా ఎవరూ వినలేదు.

రైల్లో టికెట్లు చూసేవాడు వచ్చాడు.

"ఎక్కడికి పోతున్నవ్?"

"వస్తున్నం దొరా."

"ఎక్కడి నుంచి?"

"గద్వాల నుంచి వస్తున్నం, పట్నంకు వస్తున్నం."

"అరె, పోయేదెక్కడికయ్యా?"

"పోవుడు లేదు దొరా, వచ్చుడే."

టికెట్లవాడు దండం పెట్టి పక్క పెట్టెలోకి వెళ్లిపోయాడు. టికెట్లు చూడనే లేదు.

రెండు రోజులు పట్నం చూశారు. చార్మినార్ కింద తలెత్తి చూసి చూసి అనంతమ్మ మెడ పట్టేసింది. మూడోనాడు, ఉత్సవానికి చివరి రోజు, పొద్దున్నే పందిరికి వెళ్లారు. వాకిట్లో ఆడవాళ్లకు పూలు, కుంకుమ ఇస్తున్నారు. అనంతమ్మకు ఇచ్చారు. పద్మమ్మ దగ్గరికి రాగానే పూలిచ్చే చెయ్యి ఆగిపోయింది. రొమ్ముకు ఉత్సవం బిళ్ల పెట్టుకున్న కుర్రాడొకడు అడ్డంగా వచ్చాడు.

"ముండమోసినోళ్లు ముంగట కూసోవద్దు. ఎనుక, ఆ తడక అవతలికి పో!"

పద్మమ్మ తల వంచుకుంది. భూమి విచ్చుకుంటే బాగుండునని అనిపించింది. తండ్రి వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

మార్కండేయ కుర్రాడికి ఎదురుగా వచ్చాడు. "నీ నోరు... నీ నోరు పెరుగ!" అన్నాడు. కుర్రాడికి దీవెనలా వినిపించి చేతులు జోడించబోయాడు.

"కాదు!" అని కేక పెట్టాడు మార్కండేయ. "నీ నోట్ల మన్నువడ! నీ నాలికకు పుండువుట్ట! నీ పాడె గట్ట!"

ఒకటి వచ్చాక ఇక ఆగలేదు. పదేళ్లుగా మింగినవన్నీ వరసపెట్టి వచ్చాయి. వేదిక మీద తంబూరా శ్రుతి చేస్తున్నాయన చెయ్యి నిలిచిపోయింది. ఉత్సవం పెద్దమనిషి ఒకాయన పరుగున వచ్చి, "మంచిరోజు ఇవేం మాటలు పెద్దాయనా? పద్ధతి పద్ధతే" అన్నాడు. పద్ధతి మారలేదు. ముందు చాపల మీద పద్మమ్మకు చోటు దొరకలేదు.

తడక వెనక్కి నడిచింది. అనంతమ్మ నొసటి కుంకుమతోనే కూతురి వెంట నడిచింది. వాళ్ల వెనక మార్కండేయ కూడా నడిచి, తెల్లచీరల మధ్య ఎర్ర తలరుమాలుతో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

కుర్రాడు మళ్లీ వచ్చాడు. "మగోళ్లు ఈడ కూసోవద్దు."

"ఇంకా ఉన్నయి, మొదలువెట్టాల్నా?"

కుర్రాడు ఆగకుండా వెళ్లిపోయాడు.

పద్మమ్మ, తల్లి చెవి దగ్గరికి వంగి అడిగింది. "నాయిన నోట గిసొంటి మాటలెట్లొచ్చినయే? అశుభమంటే భయం గద?"

"భయమెక్కడిదే బిడ్డా?" అంది అనంతమ్మ. "నువ్వు మనింటికి తిరిగొచ్చిన దినం వాడకట్టోళ్లు వాకిట్ల నిలవడి నిన్ను ఏమేమో అన్నరు. ఆ మాట మల్ల నీ చెవుల వడొద్దన్నడు. అదొక్కటే ఆపితే నీకు తెలుస్తదని అన్ని మాటలూ బందువెట్టిండు. ఊరంత నవ్వినా నవ్వనియ్యి అన్నడు."

"మరి నాతోని చెప్పలేదేందే?"

"చెప్పాలంటే ఆ మాట అనాలె గద!"

పద్మమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. పదేళ్లు పెరట్లో నిలబడ్డ దుఃఖమంతా వచ్చింది. తండ్రి భుజానికి తల ఆనించి ఏడ్చింది. ఆయన రుమాలు విప్పి చేతికిచ్చాడు.

పక్కనున్న బోసినోటి ముసలమ్మ ముందుకు వంగింది. పేరు జములమ్మట, తొమ్మిదేళ్లకే మొగుడు పోయినదట.

"అన్నా, జర ఇంకొకటి తిట్టరాదు. మా అందరి పేరు మీద."

మార్కండేయ సిగ్గుపడ్డాడు. వేదిక మీద పాట అందుకున్నారు. ఆయన వంగి జములమ్మ చెవిలో ఏదో అన్నాడు. అది ఆమె చెవి నుంచి పక్కామె చెవికి, అక్కడి నుంచి వరస చివరిదాకా వెళ్లి, తిరిగి పద్మమ్మ దగ్గరికి వచ్చింది. పద్మమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగక పకపకా నవ్వింది. పాట మధ్యలో ముత్తైదువలంతా తిరిగి చూశారు. తడక వెనక అంత నవ్వొచ్చే సంగతేముందో వాళ్లకు అర్థం కాలేదు.