సమన్లు అందుకోవడానికి అమీర్‌పేట దాకా

తెల్లవారకముందే తెనాలిలో రైలెక్కాను. రిజర్వేషన్ దొరకలేదు. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన కాస్త చోటు దొరికితే అదే పదివేలనుకున్నాను. సంచిలో పులిహోర డబ్బా ఉన్నా తినబుద్ధి కాలేదు. ముందురోజు మా చెల్లెలి కూతురు మాధవి ఫోన్లో ఏడ్చిన ఏడుపే చెవుల్లో ఉంది. "పెద్దమ్మా, కోర్టతను సమన్లు పట్టుకుని మళ్ళీ వచ్చి వెళ్ళాడు. గురువారం వస్తాడట, అదే ఆఖరుసారట!"

మాధవి పెళ్ళయి జర్మనీ వెళ్ళింది. కాపురం నిలబడలేదు. నాలుగేళ్ళ కూతురు చిన్నిని తీసుకుని వచ్చేసి, అమీర్‌పేటలో చిన్న వాటా అద్దెకు తీసుకుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు నేర్చుకుంటోంది. పిల్ల తనకే కావాలని భర్త అక్కడి కోర్టుకెక్కాడు. మొదట కాగితాలు పోస్టులో వచ్చాయి. "పోస్టులో వస్తే చెల్లవు, ప్రభుత్వం ద్వారా రావాలి" అని మా మరిది ఎవరినో అడిగొచ్చి చెప్పాడు. జర్మనీ నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి హైదరాబాద్ కోర్టుకి వచ్చేసరికి చిన్ని పెళ్ళీడుకొస్తుందని నవ్వాడు కూడా. తీరా అవి వచ్చేశాక, అసలు తీసుకోవద్దని కొత్త సలహా చెబుతున్నాడు.

నల్గొండలో ఎక్కినావిడకి సంగతి చెబితే ఆవిడదీ అదే మాట. "సంతకం పెట్టొద్దమ్మా. సంతకం లేకుంటే కేసే లేదు. మా తమ్ముడు సుత గట్లనే తప్పించుకుండు."

"ఇప్పుడేం చేస్తున్నాడమ్మా మీ తమ్ముడు?"

"ఏడున్నడో ఎవలకెరుక!" అంది. ఏడ్చినట్టే ఉంది అనుకున్నాను.

ఒంటిగంటకు సికింద్రాబాద్‌లో దిగి అమీర్‌పేట బస్సెక్కాను. దిగీ దిగగానే ఒకబ్బాయి నా చేతిలో జావా కోర్సు కాగితం పెట్టాడు. నా వయసు చూసైనా ఆగొద్దూ! సందులో మేడకి అరడజను కోచింగ్ బోర్డులు. వాటి వెనక, మాధవి ఉండే ఇంటి ఓనరు సత్తెమ్మ ఎదురొచ్చింది.

"కోర్టాయనకు గసొంటి పేరుగల్లోళ్లు మా ఇంట్ల లేరని జెప్పిన. అబద్ధం సుత కాదు" అంది.

నిజమే. పాస్‌పోర్టులో ఉన్నట్టే సమన్ల మీద భర్త ఇంటిపేరుతో వేమూరి మాధవి అని ఉంది. వచ్చేశాక మాధవి పుట్టింటి పేరే పెట్టుకుంది. అద్దె కాగితంలో, కోర్సులో, తలుపు మీద కూడా కొల్లి మాధవే.

సాయంత్రం షేర్ ఆటోలో మాధవీ నేనూ పంజాగుట్ట వెళ్ళి ఒక లాయరమ్మను కలిశాం. ఆవిడ మెల్లగా చెప్పింది. "మనిషి దొరకలేదని ఇక్కడి కోర్టు రాసి పంపేస్తే, అక్కడి కోర్టు మీరు లేకుండానే తేల్చేయొచ్చండి. పిల్ల ఎవరి దగ్గరుండాలో మీ మాట వినకుండానే."

"తీసుకుంటే పిల్లని పట్టుకుపోతారేమోనండీ?" అంది మాధవి.

"సమన్లు తీసుకోవడమంటే కేసు ఒప్పుకోవడం కాదండీ. జవాబు చెప్పే వీలుంటుంది."

తిరిగొస్తుంటే ట్రాఫిక్‌లో ఆటో కదల్లేదు. నేనే అన్నాను. "బడిలో ముప్పై ఏళ్ళు హాజరు వేసినదాన్ని. పిలిచినప్పుడు పలకకపోతే రాలేదనే వేస్తారే పిచ్చిదానా."

గురువారం పదకొండింటికి కోర్టతను వచ్చాడు. నడివయసు మనిషి, భుజాన సంచి. "వేమూరి మాధవి అంటే ఎవరున్నరమ్మా?" అన్నాడు. సత్తెమ్మ నోరు తెరవబోతే చేయి పట్టుకుని ఆపాను. మాధవి చిన్నిని ఎత్తుకుని గడపలో నిలబడింది. తలుపు మీది పేరుకేసి ఒకసారి చూసింది.

"నేనే" అంది చివరికి. "వేమూరి మాధవిని నేనే."

"జర గదే పేరుతోని సంతకం పెట్టున్రి."

చిన్నిని నాకిచ్చి, వదిలేసిన ఆ పేరు రాసింది. అతను మంచినీళ్ళు అడిగి తాగాడు. "ఫికర్ జెయ్యకున్రమ్మా. మస్తు మంది దాక్కుంటరు, మీరు మంచిగ జేసిన్రు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రైలుకే బయల్దేరాను, ఈసారి సీటుంది. ఊరు దాటాక మాధవి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, ఇంగ్లీషు తర్జుమా చదివాను. గడువుంది. చిన్ని విషయంలో నేనేమంటానో రాసి పంపమన్నారు." తనే మళ్ళీ అంది. "ఇంతవరకూ నన్నెవరూ ఆ మాట అడగలేదు."

తీసుకో అని నేను, తీసుకోకని మరిది. మాలో ఒక్కరమూ అడగలేదు. మీ ఇంటికీ అలాంటి కాగితం వస్తే అది ఎవరి పేరునుందో ముందు ఆ మనిషి ఏమంటుందో అడగండి.

"హైదరాబాద్‌లో ఏం పనిమీదండీ?" అన్నాడు ఎదుటి సీటాయన.

"మా అమ్మాయి కోర్టు సమన్ల కోసం వెళ్ళానండి."

"తప్పించడానికా?"

"కాదండీ, ఇప్పించడానికి."