సైకిల్ మీది అమ్మవారు

నాకు పెళ్ళయి బేరిగై వచ్చిన రెండో ఏట మా ఇంటి సైకిల్‌కు రంగు వేయించాలని నేనే పట్టుబట్టాను. యాభైల చివరి మాట అది. మా ఆయన పక్క ఊళ్ళో బడిపంతులు. రోజూ ఆ సైకిల్ మీదే పోయి వచ్చేవారు. దాని తుప్పంతా ఆయన తెల్ల పంచెకు అంటుకునేది. ఆ మరకలు ఉతికి ఉతికి నా చేతులు పడిపోయేవి.

అది సీమ సైకిల్, ఇంగ్లండులో చేసింది. మా మామగారు బతికున్న రోజుల్లో బెంగుళూరులో ఎవరో దొర ఊరు విడిచిపోతూ అమ్మేస్తే కొని, అక్కడి నుంచి తొక్కుకుంటూ వచ్చారట. దాని మీద రెండు రకాల అచ్చుబొమ్మలు ఉండేవి. అడ్డగొట్టానికి రెండు పక్కలా వంకర్లు తిరిగిన బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు. హ్యాండిల్ కింది గొట్టం మీద గుండ్రటి బొమ్మ ఒకటి. అక్షరాలంటే మా ఆయనకు ప్రాణం. అవి పోతే ఇది సీమ సైకిలని ఎవరూ నమ్మరని ఆయన దిగులు. గుండ్రటి బొమ్మ మా అత్తగారిది. అది శంఖం పట్టిన లక్ష్మీదేవి. ప్రతి శుక్రవారం ఆమె దానికి పసుపు రాసి కుంకుమ పెట్టేవారు. పదిహేనేళ్ళ పసుపూ కుంకుమా పేరుకుపోయి అమ్మవారు నాకెప్పుడూ కనబడలేదు. ఎత్తిన చెయ్యి ఒకటి మాత్రం కొంచెం తెలిసేది.

హోసూరు నుంచి ఒక పెద్దాయన ఎద్దుబండ్లకు రంగులు వేయడానికి మా ఊరొచ్చాడు. మా ఆయన అతన్ని పిలుచుకొచ్చి సైకిల్ చూపించారు.

"అంతా గీకి పారేసి పచ్చరంగు కొట్టేద్దామప్పా" అన్నాడతను. "అక్షరాలు మళ్ళీ నేనే రాస్తా."

"నీకు ఇంగ్లీషు వస్తుందా?"

"రాదు. వస్తేనే రాయల్లనా? హోసూరులో సగం బోర్డులు నేను రాసినవే."

ఆ బోర్డులు మా ఆయన చూసే ఉన్నారు. అందుకే అక్షరాలు ముట్టుకోకుండా మిగతాదంతా నల్లరంగు వేయమన్నారు. అత్తగారు ఆ వారమే రాయకోటలో ఉన్న తమ్ముడింటికి పోతున్నారు. మూట చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడి చెప్పారు: "అమ్మవారి మీద ఒక్క చుక్క రంగు పడినా నేను ఈ గడప తొక్కను. రాయకోటలోనే ఉండిపోతా."

కొత్త కోడలిని. ఆ మాట విన్నప్పుడు నా మనసులో ఏమనిపించిందో ఇక్కడ రాయను.

మర్నాడు పెద్దాయన మా పెరట్లో పని మొదలుపెట్టాడు. మా ఆయన బడికి పోయారు. పద్ధతి ఇదీ: బొమ్మ ఎంతుందో సరిగ్గా అంతే కాగితం కత్తిరించి, గంజితో దాని మీద అంటించాలి. చుట్టూ తుప్పు గీకి రంగు వేయాలి. రంగు పూర్తిగా ఆరకముందే కాగితం తడిపి లాగేయాలి. ఉపాయం అతనిదే గాని కత్తెర పట్టుకుంటే కాగితం వంకరగా తెగింది.

"నా చెయ్యి బండి చక్రాలకు సరిపోతాది. దీనికి సన్న చెయ్యి కావల్లమ్మా" అన్నాడు.

నేను రవికెలు కుట్టేదాన్ని. కత్తెర తీసుకున్నాను. ముందు పసుపూ కుంకుమా తీస్తే గదా బొమ్మ అంచు తెలిసేది. కిరసనాయిలు తగిలితే బొమ్మ లేచి వస్తుందని అతను ఆముదం తెమ్మన్నాడు. ఆముదంలో ముంచిన గుడ్డతో, పసిబిడ్డ ముఖం తుడిచినట్లు తుడిచాను. మొదట బంగారు గీత వచ్చింది. తర్వాత ఎర్ర కోటు వచ్చింది. అమ్మవారికి కోటేమిటా అనుకుంటూ ఇంకొంచెం పైకి తుడిచాను.

పెద్దాయన వంగి చూశాడు. "అమ్మా, ఈయమ్మకు మీసాలుండాయే!"

ఉన్నాయి. రెండు చెంపల దాకా మెలితిరిగిన మీసాలు. అది లక్ష్మీదేవి కాదు, ఎర్ర కోటు వేసుకున్న తెల్లదొర. చేతిలో ఉన్నది శంఖం కాదు, బాకా. బుగ్గలు పూరించి ఊదుతున్నాడు.

సాయంత్రం మా ఆయన వచ్చి చూసి సైకిల్ ముందు చతికిలబడ్డారు. "పరీక్షలకు పోయేటప్పుడల్లా ఈయనకేనా నేను దండం పెట్టింది?" అన్నారు.

"పాసయినారు గదా" అన్నాను.

"చిన్న పనప్పా" అన్నాడు పెద్దాయన. "మీసాలు చెరిపేసి, బాకాను శంఖం చేసి, కోటు మీద చీర కట్టేస్తా. మీ అమ్మకు తెలిసేదెట్ల?"

మా ఆయన ఒక్క నిమిషం ఆలోచించారు. ఆ ఒక్క నిమిషం నేను దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, సరే అనాలని. ఆయన వద్దన్నారు. "ఉన్నది ఉన్నట్లే ఉండల్ల. మా నాయన కొన్నప్పుడు ఎట్లుండెనో అట్ల."

గుండ్రటి గీత దాటి పొడుచుకొచ్చిన దొర బాకా కొన దాకా మూసేటట్లు కాగితం కత్తిరించడానికి నాకు రెండు రోజులు పట్టింది. అక్షరాలకు ఇంకో రెండు రోజులు. అంతా అంటించి, ఆరడానికి ఎండలో పెట్టి నీళ్ళకు పోయాను. తిరిగి వచ్చేసరికి మా దూడ గంజి వాసనకు వచ్చి కుడిపక్క చివరి అక్షరం మీది కాగితాన్ని నాకేసింది. కాగితంతోపాటు ఆ అక్షరమూ పోయింది.

పెద్దాయన కంగారుపడలేదు. ఎడమపక్కన అదే అక్షరం ఉంది గదా అని పలచటి కాగితం మీద దాన్ని దిద్దుకుని, ఇవతలికి తెచ్చి బంగారు రంగుతో వేశాడు. కాగితం తిరగేసి పెట్టిన సంగతి ఎవరమూ గమనించలేదు. అక్షరం అద్దంలో చూసినట్లు అటు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత మా ఆయన ఎక్కడికి పోయినా ఆ అక్షరం కనబడకుండా, సైకిల్ కుడిపక్క గోడవైపు ఉండేటట్లే ఆనించి పెట్టేవారు.

మిగతాదంతా బ్రహ్మాండంగా వచ్చింది. నల్లరంగు నిగనిగలాడింది. కాగితాలు తీసి, పైన వార్నీషు పూసేసరికి దొర ఇప్పుడే యుద్ధానికి బయలుదేరినవాడిలా ఉన్నాడు. అత్తగారు వచ్చే రోజు పొద్దున మా ఆయన ధైర్యం జారిపోయి, పసుపు తెచ్చి దొర ముఖానికి దట్టంగా పూశారు. వార్నీషు మీద పసుపు నిలిచేదెక్కడ? ఆరగానే పెళుసై రాలిపోయింది.

అత్తగారు బస్సు దిగి వచ్చి, మూటైనా దించకుండా సైకిల్ దగ్గరికి పోయారు. చాలాసేపు చూశారు.

"ఎవుర్రా ఈయప్ప?"

మా ఆయన నా వైపు చూశారు. నేనే చెప్పాను. "అత్తా, నీ పసుపు కింద ఉండింది ఈయప్పే. మేమేమీ మార్చలేదు. తుడిచినాము, అంతే."

ఆమె మూట దించి అరుగు మీద కూర్చున్నారు. పిడుగు పడుతుందని నేను తలుపు చాటుకు పోయాను. ఆమె మాత్రం సైకిల్‌నే చూస్తూ నెమ్మదిగా అన్నారు:

"దొరల బండి ఇంట్లోకి తెస్తే నేను పుట్టింటికి పోతానని ఆ పొద్దు చెప్పినాను. ఆయప్ప వాకిట్లోనే నిలబడి, ఇది లక్ష్మీదేవి బొమ్మ ఉండే బండి, శుక్రవారం పూట అమ్మవారిని తిప్పి పంపిస్తావా అన్యాడు. అప్పటికే బొమ్మకు పసుపూ కుంకుమా తానే దట్టంగా పూసి ఉండె. నేనే హారతి ఎత్తి లోపలికి తెచ్చుకున్యాను."

ఆయప్ప అంటే మా మామగారు. పోయి ఆరేళ్ళయింది.

"సచ్చేదాకా చెప్పలేదు చూడు!" అంటూ ఆమె నవ్వడం మొదలుపెట్టారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. "ప్రతి శుక్రవారం నా వెనక నిలబడి చూస్తా ఉండె. పూలు కూడా తెచ్చిస్తా ఉండె!" నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అవి ఏ నీళ్ళో నాకు తెలియలేదు. ఆమె అంతగా నవ్వగా నేను చూడడం అదే మొదలు. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. నేనూ తలుపు చాటు నుంచి బయటికొచ్చాను.

రెండు వారాలకు పెద్దాయన మళ్ళీ వచ్చాడు. హోసూరులో కాఫీ హోటల్‌కు బోర్డు రాయాలట. "నువ్వు అట్టలో అక్షరాలు కత్తిరించి ఇస్తే నేను రంగు పూసుకుంటానమ్మా" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపలే అత్తగారు అన్నారు: "ఇస్తాది. ఈడే కూర్చోని కత్తిరిస్తాది, నేను చూస్తా ఉంటా."

ఆ ఏడు కృష్ణగిరిలోని పుట్టింటికి పోతూ ఉంటే హోసూరులో బస్సు ఆగింది. ఎదురుగా ఆ బోర్డు. అక్షరాలన్నీ తీరుగా, వరుసగా ఉన్నాయి. ఆపుకోలేక పక్కన కూర్చున్న ఆమెతో "అవి నేను కత్తిరించినవమ్మా" అన్నాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, ఒళ్ళో బిడ్డను సర్దుకుని కొంచెం దూరంగా జరిగింది.