మేష్టరింట్లో తాగిన కాఫీ

ఆదివారం పొద్దున నేనొక తప్పు చేశాను. కన్నడనాట కె.ఆర్.పురంలో మేముంటున్న అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో, బాడుగకుండే వాళ్ళకు కూడా సంఘంలో ఓటు ఉండాలా వద్దా అని ఆరునెలలుగా నలుగుతున్న తగాదా మీద, ఉండాలనే మా వర్గం తరఫున మాట్లాడడానికి ఎదురింటి అమ్మాయి లేచింది. తనూ బాడుగకుండేదే, కర్నూలు వైపు పిల్ల, ఐటీ కంపెనీలో ఉద్యోగం. ఎప్పుడూ నిప్పులు చెరిగే మనిషి ఆరోజెందుకో, ఓటు వద్దనే సంఘం కార్యదర్శిగారి మాటకు రెండుసార్లు తలూపింది. ముందురోజు మధ్యాహ్నం ఆమె అదే కార్యదర్శిగారి ఇంట్లోంచి నవ్వుకుంటూ బయటికి రావడం నేను కళ్ళారా చూసి ఉన్నాను. ఉన్న ముప్పైమంది ముందూ, "వాళ్ళింట్లో భోంచేసి వచ్చినాక గొంతు మెత్తబడకుండా ఎట్లుంటుందమ్మా" అనేశాను. కొందరు నవ్వారు. ఆ అమ్మాయి నావైపు ఒకసారి చూసి, చేతిలోని కాగితాలు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

కాగితాలు అలా బల్లమీద పెట్టి వెళ్ళిపోయిన మనిషిని నేను అంతకుముందు ఒక్కణ్ణే చూశాను. ఆయన మా మేనమామ. అప్పుడు కూడా కారణం నేనే.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తీగల వంతెన రాకముందు మా కె.ఆర్.పురం ఎలా ఉండేదో. రైల్వే గేటు పడితే పాత మద్రాసు రోడ్డుమీద లారీలు కనుచూపుమేర నిలిచిపోయేవి, డ్రైవర్లు దిగి వేరుశెనక్కాయలు కొనుక్కుని తిని, గింజలయిపోయాక మళ్ళీ ఎక్కేవాళ్ళు. ఊరింకా మహానగరంలో కలవలేదు, మాకు సొంత నగరసభ, అంటే మున్సిపాలిటీ, ఉండేది. మామ హిందూపురం పక్కనించి బేల్దారి పనికి వచ్చి, ఊళ్ళో సగం గోడలు ఆయనే కట్టాడా అన్నంత పేరు తెచ్చుకుని, రేకుల షెడ్లలో ఉండే మన తెలుగు కూలీలందరికీ పెద్దదిక్కై, ఆ దారినే ప్రతిపక్ష పార్టీలోకి వచ్చాడు. నేను ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేస్తూ, చేతిరాత బాగుంటుందన్న ఒక్క అర్హతతో పార్టీ ఆఫీసులో అర్జీలు, కరపత్రాలు రాసిపెట్టేవాణ్ణి.

అలాంటి రోజుల్లో, తొంభైల చివర్లో, ప్రభుత్వం ఒక సంస్కరణ తలపెట్టింది. ప్రతి వార్డుకూ మామూలు జనంతో ఒక సమితి ఉండాలని, వీధిలో ఏ పని ముందు జరగాలో ఆ సమితి చెప్పాలని, నియమాలు మాత్రం రెండు పక్షాలూ కలిసి రాయాలని. మా నగరసభ వరకు అధికారపక్షం తరఫున రిటైరైన ఒక కన్నడ మేష్టరుని పెట్టారు. మా తరఫున మామ వెళ్ళాలని తీర్మానమైంది, రాయడానికి నేను తోడు. అయితే తీర్మానానికి తోకలు చాలా ఉన్నాయి. వెళ్ళాలి, కానీ వెళ్ళినట్టు కనబడకూడదు. ప్రతి అక్షరం చదవాలి, ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళ గడపలో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఈ ఆఖరి నియమం వెనక కథ ఉంది. అంతకు రెండేళ్ళ ముందు మావాడొకడు వాళ్ళ పార్టీ మనిషింట్లో పెళ్ళిభోజనానికని వెళ్ళి, వారం తిరిగేసరికి ఆ జెండా పట్టుకున్నాడు. అప్పట్నించీ మాలో అదొక ఆచారమైపోయింది. అందుకని మేష్టరింట్లో కూర్చునే ప్రతి ఆదివారమూ మామ, అత్త పోసిచ్చిన కాఫీ ప్లాస్కు చంకన పెట్టుకుని వెళ్ళేవాడు. మేష్టరుగారి భార్య కన్నడ యాసలో, "ఏనప్పా, మా కాఫీలో విషం ఏమన్నా ఉండాదా?" అని వేళాకోళం చేస్తే, మామ ఎర్రమూతలో కాఫీ పోసుకుంటూ, "విషముంటే పర్వాలేదమ్మా, చక్కెర ఉంటేనే మావాళ్ళకు భయం" అనేవాడు.

నాకు మాత్రం అంతా అయోమయంగా ఉండేది. పొద్దున నగరసభ గేటు ముందు నీళ్ళు రాలేదని వాళ్ళను నోరారా తిట్టేవాళ్ళం, నినాదాలు రాసిందీ నేనే. మధ్యాహ్నం అదే మనుషులతో కూర్చుని, "సభ్యుడనగా" అని మొదలుపెట్టి నియమాలు రాసిందీ నేనే. ఒకే కలం. మేం వాళ్ళతో ఉన్నట్టా, లేనట్టా? షెడ్ల దగ్గర ఆడవాళ్ళు, "పొద్దున కొట్లాడి మద్దేనం కూకుంటారంటనే, ఏం కథప్పా ఇది?" అని అడిగేవాళ్ళు. ఒకరోజు సైకిలు తోసుకుంటూ వస్తూ ఈ మాటే మామనడిగాను.

"గోడ కట్టేటప్పుడు దారం చూసినావా అల్లుడా? ఆ కొసన ఒకడు, ఈ కొసన ఒకడు పట్టుకోవాల. ఇద్దరూ ఒక పక్కనే నిలబడుకుంటే దారం బిగుస్తాదా? ఎవడో ఒకడు ఇడిసిపెట్టి పోయినా గోడ వంకరే."

అర్థమైనట్టు తలూపాను. అర్థం కాలేదు.

అసలు పేచీ ఒక్క నియమం దగ్గరే ఆగింది. సమితిలో కూర్చునే అర్హత ఇంటిపన్ను కట్టేవాళ్ళకే అని వాళ్ళ పక్షం పట్టు. అలాగైతే షెడ్లలో, బాడుగిళ్ళలో ఉండే మనవాళ్ళకు నోరే ఉండదు, ఊరి గోడలన్నీ కట్టినవాళ్ళకు ఊళ్ళో మాట్లాడే హక్కు లేకుండా పోతుంది. మామ ఆ ఒక్క వాక్యం కోసం నాలుగు నెలలు ఆ ఇంటిచుట్టూ తిరిగాడు. మేష్టరు మంచివాడే గాని తన పార్టీవాళ్ళకు భయపడేవాడు. ప్రతివారమూ అక్కడికొచ్చి ఆగేవాళ్ళం, ప్రతివారమూ ఆ వాక్యం దగ్గర నేను ఖాళీ వదిలి కింద గీత గీసేవాణ్ణి.

ఒక ఆదివారం ఫ్యాక్టరీలో ఓవర్‌టైము పడి నేను ఆలస్యంగా వెళ్ళాను. గేటు దగ్గర సైకిలు స్టాండు వేస్తూ కిటికీలోంచి చూస్తే మామ చేతిలో మేష్టరింటి స్టీలు గ్లాసు ఉంది. ప్లాస్కు మూతైనా తీయకుండా పక్కన పడి ఉంది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. మామ గ్లాసెత్తి చివరిదాకా తాగి, కింద పెట్టి, పైపంచెతో మూతి తుడుచుకున్నాడు.

లోపలికి నాలుగడుగులు వేసి, "ఏం మామా?" అని అడిగి ఉంటే సరిపోయేది. నేను సైకిలు తిప్పేశాను.

ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నదేమంటే, అయోమయంలో ఉన్నాను, పార్టీ ఆచారం తప్పింది కాబట్టి చెప్పడం నా ధర్మమనుకున్నాను అని. అది సగమే నిజం. రాబోయే నగరసభ ఎన్నికల్లో మా వార్డు టికెట్టు మామకే అని అందరూ అనుకుంటుండగా, రాసేవాణ్ణి నేను, తిరిగేవాణ్ణి నేను, పేరు మాత్రం ఆయనకా అన్న దుగ్ధ ఒకటి నాలో చిన్నగా రాజుకుంటూనే ఉంది. పార్టీ ఆఫీసుకు పోయేదారిలో నేను తొక్కిన తొక్కుడులో బాధ ఎంతో, ఉత్సాహమెంతో నాకిప్పటికీ తేలలేదు.

సిమెంటు కొట్టు నడిపే మా శాఖాధ్యక్షుడు విని, "కండ్లారా చూసినావా?" అన్నాడు.

"చూసినానన్నా."

"ఎన్ని గుక్కలు తాగినాడప్పా?" అని పక్కనున్నవాడొకడు అడిగాడు, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బుధవారం సాయంత్రం శాఖ సమావేశం పెట్టి మామను పిలిపించారు. నియమాల గురించి ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. అధ్యక్షుడు అడిగింది ఒకటే, "వాళ్ళ కాఫీ తాగినావంట, నిజమేనా?" మామ గదంతా ఒకసారి చూశాడు. నేను తల దించుకున్నాను గనక చెప్పిందెవరో ఆయనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"తాగినా" అన్నాడు.

"ఎందుకు తాగినావు?"

"ఇప్పుడు చెప్పేది కాదు."

"చెప్పకపోతే మేమేమనుకోవల్ల?"

మామ చేతిలోని నియమాల కాగితాలు బల్లమీద పెట్టి, అంచులు సరిచేసి, బయటికి నడిచాడు. ఆయన స్థానంలో ఇంకొకర్ని పంపారు. మేష్టరు పాతవిషయాలు ఎత్తితే ఆ మనిషికి ఏదీ తెలియదు, తెలిసినట్టు దబాయించాడు. ఆ ఆదివారమే మాటామాటా పెరిగి మా పార్టీ మొత్తంగా బయటికొచ్చేసింది. ప్రభుత్వం వాళ్ళు మొదట రాసుకున్నట్టే, పన్ను కట్టేవాళ్ళతోనే సమితులు వేసుకున్నారు. షెడ్లవాళ్ళకు చోటు లేదు.

ఆ తర్వాత బస్టాండులో మేష్టరు నన్ను చూసి దగ్గరికొచ్చాడు. ఆయన తెలుగు సగం కన్నడమే. "మీ మామ సుమ్నే, ఊరికే తాగలేదప్పా. బాడుగవాళ్ళనూ చేరుస్తానని నేను ఒప్పుకున్న్యా. మావాళ్ళను సముదాయించేదానికి నాకు పదిదినాలు కావాల, అంతదాకా ఎవురికీ చెప్పొద్దంట్ని. సరే అన్న్యాడు. నా ఇంట్లో నీళ్ళు కూడా ముట్టనోడివి, నీ మాట నేనెట్లా నమ్మేదప్పా అంట్ని. అప్పుడు తాగిన్యాడు."

అంటే ఆ బుధవారం ఒక్క మాట విప్పితే మామ పరువు నిలిచేది. విప్పితే మేష్టరు పార్టీవాళ్ళు బెదిరిపోయి ఆయన చేతులెత్తేసేవాడు, షెడ్లవాళ్ళ చోటు పోయేది. పరువు వదులుకుని పదిరోజులు కాపాడాడు. ఆ పదిరోజులను కూడా దక్కనివ్వలేదు మేము.

అదే సాయంత్రం మామ ఇంటికి వెళ్ళి తలుపు దగ్గరే ఏడ్చాను. ఆయన నన్ను లోపలికి పిలిచి, అత్తతో అన్నం పెట్టించాడు. నేను చేతులు కడుక్కుని లేచాక, "నువ్వు చూసిందే చెప్పినావు లేరా, అబద్ధం చెప్పలేదు. నన్నొక మాట అడగాల్సింది" అన్నాడు. అంతే. మళ్ళీ ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు. నేను పార్టీవాళ్ళకు జరిగింది చెప్పబోతే, "అయిపోయింది కదప్పా, ఇంకెందుకు" అన్నారు. ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. టికెట్టు మామకూ రాలేదు, నాకూ రాలేదు. ఊరు మహానగరంలో కలిసిపోయిన ఏడాదే ఆయన కూడా పోయాడు. దినకార్యానికి మేష్టరు వచ్చి, ఎవరూ ఇవ్వకుండానే వంటింటిదాకా వెళ్ళి, మా అత్తనడిగి ఒక గ్లాసు కాఫీ తాగి వెళ్ళాడు. వాకిట్లో కూర్చున్న మా పార్టీవాళ్ళలో ఎవరికీ అదేమిటో అర్థం కాలేదు.

ఇప్పుడు కాలం మారింది. ఆ పార్టీవాళ్ళూ ఈ పార్టీవాళ్ళూ ఒకే హోటల్లో ఇడ్లీలు తింటున్న ఫోటోలు వాళ్ళే పెట్టుకుంటున్నారు, పొద్దున ఒక కండువా సాయంత్రం ఒక కండువా. ప్లాస్కు మోసేవాళ్ళు లేరు, మంచిదే, అదొక పిచ్చి ఆచారం. కానీ ఒక్క వాక్యం కోసం నాలుగు నెలలు ఒకరింట్లో ఒకరు కూర్చునే ఓపిక కూడా దానితోపాటే పోయినట్టుంది. రెండూ కలిసే పోవాలా అన్నది నాకు తెలియదు. దారం రెండు కొసలా పట్టుకోవడమంటే ఏమిటో నేను తెలుసుకునేసరికి ఆ కొసన మనిషి లేడు.

ఆదివారం సాయంత్రం ఎదురింటి తలుపు తట్టాను. ఆ అమ్మాయి తీసింది గాని, లోపలికి రమ్మనలేదు. "పొద్దున నేనన్నది తప్పమ్మా. ముందే అడగాల్సింది, ఇప్పుడడుగుతున్నాను. నిన్న వాళ్ళింటికి ఎందుకెళ్ళావు?" అన్నాను.

"రెండు గంటలు వాదించాను అంకుల్, ఓటు ఇవ్వకపోయినా మావాళ్ళకు కమిటీలో కనీసం రెండు సీట్లయినా ఇవ్వమని. ఆయన ఆలోచిస్తానన్నారు. ఆంటీ బిసిబేళెబాత్ పెట్టారు, ఆకలేసింది, తిన్నాను. అది కూడా తప్పేనా?" అంది.

కాదన్నాను. ఆమె వదిలేసిన కాగితాలు పొద్దున బల్లమీంచి తీసి దాచి ఉంచాను, అవి ఆమె చేతికిచ్చాను. తర్వాత, నా మాట విన్న ఆ ముప్పైమంది తలుపులూ ఒకటొకటిగా తట్టి, నేను చెప్పింది తప్పని, ఆమె అక్కడికి వెళ్ళింది బాడుగవాళ్ళ కోసమేనని చెప్పాను. మూడో అంతస్తులో కార్యదర్శిగారి తలుపు ఆఖరున తట్టాను. ఆయన కూర్చోమన్నారు. ఆయన భార్య కాఫీ తెచ్చింది. ఆమె ముందూ, ఆయన ముందూ, అటుగా పోతున్న మా వర్గంవాళ్ళిద్దరికి కనబడేలా తలుపు తీసి ఉండగానే, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాను.