రాట పడవెక్కింది

నా పెళ్లినాటికి కొల్లేరు మా వాకిట్లోకి వచ్చింది. పంతొమ్మిదివందల ముప్పైల్లో ఒక శ్రావణ ముహూర్తం అది. పెళ్లిపందిరికి రాట పాతిన మర్నాడే ఎగువ వానలకి తమ్మిలేరు పొంగింది. మామిడాకులూ పసుపు గుడ్డా కట్టిన ఆ రాట మా లంకలో, మా ఇంటి ముందు, మోకాలి లోతు నీళ్లలో నిలబడింది.

ముహూర్తం ఎల్లుండి. నాన్న ఏలూరు వెళ్లి సత్రాలన్నీ అడిగొచ్చాడు. ఒక్కటీ ఖాళీ లేదు. గణపవరం దగ్గరున్న మగపెళ్లివారు మాత్రం కబురంపారు: "మా ఇంట్లోనే చేసేద్దామండీ, మొహమాటపడకండి."

తల్లి లేని నన్ను పెంచింది నాయనమ్మ. కాళ్లు పడిపోయి అప్పటికి మంచం మీదే ఉండేది. ఆ కబురు విని మొహం గోడకి తిప్పేసుకుంది.

"పిల్లని మోసుకెళ్లి వాళ్ల గుమ్మంలో దింపి వస్తామా? మన వాకిట్లో అయితేనే చూస్తాను. లేకపోతే మీరు వెళ్లి రండి" అంది.

ఆవిడ చూడని పెళ్లి నాకెందుకు? నాన్నేమో, పాతిన రాటని పెళ్లయ్యేదాకా కదపకూడదని తల పట్టుకు కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లికూతురు నోరు మెదపకూడదన్న సంగతి నాకు ఎప్పుడూ గుర్తుండేది కాదు.

"రాటని పీకి పడవలో వెయ్యి నాన్నా. వాళ్ల ఊళ్లో పాతితే అదే మన వాకిలి" అన్నాను.

నాయనమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

"పీకేటప్పుడు పసుపు గుడ్డ ఊడకుండా చూడరా" అంది నాన్నతో.

రాటా, నాయనమ్మ మంచమూ ఒకే పడవలో వెళ్లాయి. దారంతా ఆవిడ రాట మీంచి చెయ్యి తియ్యలేదు. ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని, ఇంకెవరింటికీ వెళ్లకుండా ఇలాగే ఉండిపోతే బాగుండుననుకున్నాను.

మగపెళ్లివారి ఇంటి పక్కనే మెరక మీద వాళ్లదే ఖాళీ కళ్లం ఉంది. నాన్న నసుగుతూ సంగతి చెబితే మా అత్తగారు, "పెళ్లయ్యేదాకా ఇది మీదేనండీ" అన్నారు. రాట పాతి, పైన తాటాకులు కప్పాం.

సాయంత్రం వాళ్లు పక్కింట్లోంచి నేరుగా రాలేదు. మేళంతో ఊరంతా చుట్టి, ఎక్కడో దూరం నుంచి వచ్చినవాళ్లలా మా పందిరి ముందు ఆగారు. మేము పిలిచేదాకా అక్కడే నిలబడ్డారు.

మంచం మీంచి నాయనమ్మే పిలిచింది.

"రండమ్మా, లోపలికి రండి. మా ఇల్లు కాస్త ఇరుకు, ఏమీ అనుకోకండి."

తన కళ్లంలోకి తనే అడుగుపెడుతూ మా అత్తగారు, "అబ్బే, చల్లగా ఉందండీ మీ ఇల్లు" అన్నారు.