పథ్యం రోగికే, మందుకు కాదు

నిన్న పెరట్లో కలుపు తీస్తుంటే నేల ఉసిరి మొక్క ఒకటి వేళ్ల మధ్య నలిగింది. ఆ పచ్చి చేదు వాసన ముక్కుకు తగలగానే, "ఏం మే, మళ్లీ మొహం వేలాడేసినావు?" అని హైమావతి మేడం వెనకనుంచి అడిగినట్టే అనిపించింది. చాలాసేపు చేతులు కడుక్కోబుద్ధి కాలేదు.

తొంభైల చివర్లో తిరుపతిలో నేను మందుల మీద పరిశోధన చేసేదాన్ని. ఆవిడ నా గైడు. చిత్తూరు పక్క రైతుబిడ్డ. మధ్యాహ్నం రాగిసంగటి తెచ్చుకుని ల్యాబు మెట్ల మీదే కూర్చుని తినేది. తప్పు చేస్తే అందరి ముందూ తిట్టేది, సరిగ్గా చేస్తే అంతకన్నా గట్టిగా అందరికీ చాటేది. మా వైపు కామెర్లకు నేల ఉసిరి వాడతారు కదా, అందులోని అసలు పదార్థాన్ని విడదీసి కాలేయం జబ్బుకు మందుగా మలచాలన్నది మా పని. విడదీయడం బాగానే వచ్చింది. నీళ్లలో కలిపి ఎలుకలకు తాగించి వాటి నెత్తురు పరీక్షిస్తే మాత్రం మందు జాడే లేదు. నెత్తురులో మందు ఉంటే యంత్రం గీసే గీత గుట్టలా లేవాలి. మూడేళ్లూ అది చాపలా పడుకునే ఉంది.

నెలాఖరుకు ఫలితం చూపకపోతే నా పరిశోధన అంశం రద్దు చేస్తామని యూనివర్సిటీ కమిటీ తేల్చి చెప్పింది. రద్దయితే నా చదువు అక్కడితో సరి. ఆ మధ్యాహ్నం మెట్ల మీద మేడం పక్కన కూలబడి, "మొక్కలోనే గుణం లేదు మేడం, వదిలేద్దాం" అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

ఆవిడ సంగటి గిన్నె పక్కన పెట్టింది. "చిన్నప్పుడు నీకు కామెర్లు వచ్చినాయంటివే, ఏమిచ్చినారు?"

"మా అవ్వ ఈ ఆకే నూరి ఇచ్చింది. తగ్గిపోయింది."

"ఆకుతో తగ్గెనో, దానంతటదే తగ్గెనో, అది వేరే మాట. ఎట్లిచ్చింది? నీళ్లలోనా?"

"కాదు, మేకపాలల్లో."

"మరి నువ్వేంది, ఎలకలకి నీళ్లలో పోస్తా ఉండావు?"

నాకు ఒళ్లు మండింది. "కామెర్లకు నూనె, నెయ్యి తగలకూడదు కదా మేడం! పథ్యం!"

నెలరోజులు చప్పిడి మజ్జిగన్నం తిన్నదాన్ని. పథ్యం పెట్టిన అవ్వే వెన్న ఉండే పాలల్లో మందు ఇచ్చిందన్న సంగతి నా బుర్రకు ఎన్నడూ తట్టలేదు. మేడం పగలబడి నవ్వింది.

"పథ్యం రోగికి మే, మందుకు కాదు! నీ మందు నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతాది. ఒంటిగా పంపిస్తే పేగు దాటి యాడికి పోతాది? తోడిచ్చి పంపించల్ల."

సోయా నుంచి తీసే లెసిథిన్ అనే పదార్థం నీళ్లతోనూ కలుస్తుంది, కొవ్వుతోనూ కలుస్తుంది. దాన్నే తోడిచ్చాం. మొదటిసారి ఉండ కట్టింది, రెండోసారి మాడింది, రెండుసార్లూ తిట్లు తిన్నాను. మూడోసారి కుదిరింది. ఎలుకలకు తాగించి, నెత్తురు తీసి యంత్రానికి ఎక్కించి, గీత పడే కాగితం పక్కనే నిలబడ్డాను. గీత కదిలింది. లేచింది. అబ్బా, ఇంకా లేచింది!

"లేసింది మే!" అని మేడం ఆ కాగితం చింపుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా క్యాంటీనుకు పరుగెత్తింది. వెనకే నేను. టీ కాసే ఖాదర్ భాయ్ కాగితం అటూ ఇటూ తిప్పి, "ఏంది మేడమ్మా, గుండె పరీక్షనా?" అన్నాడు.

"అవునప్పా! ఈ పిల్ల గుండె ఇప్పుడే కొట్టుకుంటా ఉండాది!"

అందరి ముందూ భోరున ఏడ్చేశాను. అంత సంతోషం నాకు పెళ్లిరోజు కూడా కలగలేదు, ఆ మాట మా ఆయనకూ తెలుసు.

కాలేయం చెడిన ఎలుకల్లోనూ ఈ జోడు మందే మెరుగ్గా పనిచేసింది. మనుషుల దాకా ఇంకా చాలా దారి ఉందని కమిటీ ముందు నేనే చెప్పాను. అయినా అంశం నిలిచింది, నేనూ నిలిచాను. "ఈ ఆలోచన ఎక్కడిదమ్మా?" అని వాళ్లు అడిగితే, "మా అవ్వ పాలగిన్నె, మా మేడం తిట్లు సార్" అన్నాను. వెనక వరుసలో మొదటి చప్పట్లు మేడంవే.

ఇప్పుడు నేనూ గైడునే. మందు పనిచేయలేదని పిల్లలెవరైనా తలవంచుకుని వస్తే, కుర్చీ లాగి కూర్చోబెట్టి అడుగుతాను.

"ఎట్లిచ్చినావు మే?"

నేను పుట్టి పెరిగింది చిత్తూరు కాదు. ఆ ఒక్క ప్రశ్న మాత్రం నా నోట ఆ యాసలోనే వస్తుంది.